విశాఖ ఉప్పుగాలిలో పికప్ ఎన్నాళ్ళు నిలుస్తుంది? 2,38,000 కిలోమీటర్ల తర్వాత నా బండి, మరి మీవి?

భీమిలి బండి (చర్చ మొదలుపెట్టినవారు), ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ముందే ఒక మాట. కంపెనీల పేర్లు రాయకండి. పోయినసారి ఇలాంటి చర్చే మొదలుపెడితే నాలుగో పోస్టుకే "మీది డబ్బా, మాది బంగారం" అనుకోవడం మొదలైంది, దానికి తాళం వేసేశారు. ఏ కంపెనీ అని కాదు నాకు కావాల్సింది. ఎన్నేళ్ళ బండి, ఎంత తిరిగింది, ఏం మోసింది, ఏం పోయింది, ఎంతయింది. అంతే.

నాది 2018 మోడల్, బీఎస్ 4 (పాత పొగ నిబంధనల బండి), సింగిల్ క్యాబిన్, టన్నున్నర బండి. కొత్తదే కొన్నాను. షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు మోస్తుంది. మామూలు రోజుల్లో భీమిలి, తగరపువలస, ఆనందపురం, మధురవాడ. పెళ్ళిళ్ళ రోజుల్లో అటు విజయనగరం, ఇటు అనకాపల్లి. ఇప్పటికి 2,38,000 తిరిగింది.

ఇంతవరకు అయినవి: క్లచ్ రెండుసార్లు, 94 వేల దగ్గర ఒకటి, 1,81,000 దగ్గర ఒకటి. టర్బో పైపు ఒకసారి చిరిగింది, పైపు మార్చాం. ప్రొపెల్లర్ షాఫ్టు సెంటర్ బేరింగు, క్రాసులు. వెనక కమాన్లో (బరువు మోసే స్ప్రింగు పట్టీల కట్ట) రెండు పట్టీలు విరిగాయి. సెల్ఫ్ మోటారు ఒకసారి. ఇంజను మాత్రం ఇంతవరకు విప్పలేదు. పది వేలకోసారి ఆయిలు, ఫిల్టర్లు మారుస్తాను. పొద్దున్నే ఒక్క సెల్ఫ్‌కి అందుకుంటుంది, పొగ లేదు.

మరి బాధ ఏమిటంటే, మొన్న క్యాబిన్ కడుగుదామని డ్రైవర్ కాళ్ళ కింద మ్యాట్ ఎత్తాను. కింద రోడ్డు కనపడింది. అరచెయ్యంత కన్నం. మా ఆవిడ చూసి "ఇక ఏసీ లేదని గొణగక్కర్లేదు" అంది. వచ్చే నెల ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ పరీక్ష. ఎనిమిదేళ్ళు దాటింది కాబట్టి ఇకనుంచి ఏటా చేయించాలి. ఒక షెడ్డువాళ్ళు ఫ్లోరు, కింద అతుకులు, పెయింటు అన్నీ కలిపి 60 వేలన్నారు. ఇంకొకాయన "ఇంజను బాగుండగానే అమ్మేయ్" అన్నాడు. ఏం చేయమంటారు?

---

కొమ్మాది లోడు, ఆదివారం రాత్రి 9:31

అమ్మేయండి. కన్నం ఒకటి కనపడిందంటే కనపడనివి పది ఉంటాయి.

---

హార్బర్ ఐసు, ఆదివారం రాత్రి 11:05

భీమిలి అన్నా, తొందరపడి అమ్మకు. ముందు ఇది చదువు.

నేను ఫిషింగ్ హార్బర్ నుంచి చేపల లోడు తోలుతాను. పదకొండేళ్ళయింది. 2017లో నేనూ మా బావమరిదీ ఒకే నెలలో, ఒకే షోరూమ్‌లో, ఒకే మోడల్ రెండు బండ్లు కొన్నాం. రంగు కూడా ఒకటే, తెలుపు. నాది హార్బర్లో వంజరం, రొయ్యలు మోసింది. వాడిది ఆనందపురం పూల మార్కెట్టుకు బంతి, చామంతి మోసింది. తిరిగింది చూస్తే వాడిదే ఎక్కువ, నాకన్నా దాదాపు 40 వేల కిలోమీటర్లు.

ఇప్పుడు వాడి బండి కింద పడుకుని చూస్తే ఛాసిస్ (బండి కింది ఇనుప చట్రం) మీద కంపెనీ నల్లరంగు ఇంకా ఉంది. నా బండికి నాలుగో ఏట తొట్టి నేల పోయింది, ఐదో ఏట వెనక బ్రేకు పైపు తుప్పు పట్టి చీలింది. సింధియా జంక్షన్ దగ్గర పెడల్ నేలకంటింది. బండి చిన్న గేరులో ఉంది కాబట్టి హ్యాండు బ్రేకుతో ఆపాను, లేకపోతే ముందున్న ఆటోలో దూరేవాణ్ణి. ఆరో ఏట సైలెన్సరు రెండు ముక్కలు. ఇంజను? రెండింటికీ ఒకలాగే ఉంది. అదే కంపెనీ, అదే ఇనుము, అదే సంవత్సరం.

తేడా ఎక్కడంటే, ఐసు కరిగిన నీళ్ళు ఉత్త నీళ్ళు కావు. అందులో సముద్రం ఉప్పు ఉంటుంది, చేప జిగురు ఉంటుంది. తొట్టి మూలల్లోంచి కారి ఛాసిస్ మీద పడుతుంది. పైపైన ఎండినట్టే ఉంటుంది గాని ఉప్పు అక్కడే కూర్చుంటుంది. రాత్రి గాలిలో తేమకు మళ్ళీ తడుస్తుంది. అంటే బండి షెడ్డులో నిద్రపోతున్నా తుప్పు మాత్రం డ్యూటీ చేస్తూనే ఉంటుంది.

రెండో బండికి బుద్ధొచ్చింది. రోజూ ఆఖరి ట్రిప్పు అయ్యాక పది నిమిషాలు మంచినీళ్ళు, అదీ పైన కాదు, కింద. తొట్టి నీళ్ళు ఛాసిస్ మీద పడకుండా రెండు పైపులు పెట్టి చక్రాల వెనక్కి దింపించాను, 1,800 అయింది. చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఎలాగూ పని పలచగా ఉంటుంది, ఆ రెండు నెలల్లో తొట్టి దింపించి, గీకించి, రెడ్ ఆక్సైడు కొట్టించి, పైన పెయింటు వేయిస్తాను. ఏటా. ఇప్పుడు నాలుగో ఏడు నడుస్తోంది, కన్నం లేదు.

---

ఉక్కు రిటైర్డ్, సోమవారం ఉదయం 6:20

ఇద్దరు బావమరుదుల బండ్ల కథ చాలా బాగుంది. ముప్పై ఏళ్ళు స్టీల్ ప్లాంటులో పనిచేసిన నాకే ఇనుము ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు.

నా అనుభవం వేరేలా ఉంటుంది. నాది తెల్ల నంబరు ప్లేటు, అంటే సొంత వాడకానికే, డబుల్ క్యాబిన్, ఫోర్ వీల్ డ్రైవ్. రిటైరైన డబ్బుతో సరదాపడి కొన్నాను. కూర్మన్నపాలెం నుంచి సబ్బవరం తోటకు వారానికి ఒకసారి వెళ్ళొస్తాను. ఏడేళ్ళలో 61 వేలు. అంత పెద్ద బండిలో నాలుగు కొబ్బరి మొక్కలు తెస్తానని మా అబ్బాయి నవ్వుతాడు.

లోడు లేదు, ఘాటు లేదు, హార్బరు లేదు. అయినా బ్యాటరీలు రెండు పోయాయి. వెనక బ్రేకులు బిగుసుకుపోయి చక్రం తిరగలేదు. ఎలుకలు వైరింగు కొరికాయి, అదొక్కటే 22 వేలు. నడపక పాడైంది నా బండి. మెకానిక్ "వారానికి రెండుసార్లయినా ఓ ముప్పై కిలోమీటర్లు తిప్పండి మాస్టారూ" అన్నాడు. అప్పట్నుంచి ఏ పనీ లేకపోయినా అనకాపల్లి వెళ్ళి బెల్లం కొనుక్కొస్తున్నాను. ఇంట్లో ఇప్పుడు బెల్లం ఎక్కువైంది.

---

ఆటోనగర్ మేస్త్రి, సోమవారం మధ్యాహ్నం 2:40

భోజనానికి కూర్చుని రాస్తున్నాను, తప్పులుంటే ఏమనుకోకండి. ఆటోనగర్లో కమాన్లు, ఛాసిస్ పని చేస్తాం. మా నాన్న దగ్గర నేర్చుకున్నది.

భీమిలి వారూ, క్యాబిన్ ఫ్లోరు కన్నం చూసి బెదరకండి. అది రేకు. కోసి కొత్త రేకు వేస్తే అయిపోతుంది. ప్రాణం ఉండేది ఛాసిస్‌లో. మీరు చూడాల్సినవి మూడు చోట్లు. వెనక కమాన్ ముందు హ్యాంగరు (కమాన్ ముందు కొనను పట్టుకునేది) ఛాసిస్‌కి అతికిన చోటు. వెనక షాకిల్ (కమాన్ వెనక కొనను పట్టుకునేది) పైనున్న అడ్డ బీము. తర్వాత క్యాబిన్ వెనక, తొట్టి మొదలయ్యే దగ్గర రెండు బీములు కలిసే మూల. అక్కడే బురద కూరుకుంటుంది.

పికప్‌ల ఛాసిస్‌లో చాలా భాగం డబ్బాలా మూసి ఉంటుంది. నీళ్ళు బయటికి పోవడానికి కింద చిన్న కన్నాలు ఇస్తారు. అవి మట్టితో మూసుకుంటే లోపల నీరు నిలుస్తుంది. పైన నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది, లోపల బెరడు కడుతుంది. కంటితో చూస్తే తెలీదు. పావు కిలో సుత్తి తీసుకుని వరుసగా తట్టుకుంటూ పోండి. ఖంగుమంటే ఇనుము ఉంది. దబ్‌మని మెత్తగా మోగితే లోపల పలచబడింది. ఇంకాస్త గట్టిగా కొట్టండి. సుత్తి దిగితే దిగనివ్వండి, రోడ్డు మీద లోడుతో విరగడం కన్నా నయం.

60 వేలన్నవాళ్ళు తొట్టి దింపి చూశారా, దింపకుండా చెప్పారా? దింపకుండా చెప్తే ఆ లెక్క నమ్మకండి. ఎక్కువైనా కావచ్చు, తక్కువైనా కావచ్చు. కింద నుంచి రెండు ఫొటోలు పెట్టండి, వెనక చక్రాల దగ్గరవి.

---

మంచినీళ్ళ టిన్ను, సోమవారం సాయంత్రం 7:15

నేను ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే వైపు ఇరవై లీటర్ల టిన్నులు వేయిస్తాను. బండి నాది, తోలేది మా తమ్ముడు. పైన అందరివీ పాత బండ్లు, బీఎస్ 6 (కొత్త పొగ నిబంధనల బండ్లు) గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను.

2021 బండి. ఇంకా లక్ష కూడా తిరగలేదు, 83 వేలు. తుప్పు లేదు, క్లచ్ ఒకసారి. కానీ టెన్షన్ పెట్టింది డీపీఎఫ్. రోజంతా వీధి వీధికీ ఆగడం, స్టార్టు చేయడం, రెండు వందల మీటర్లు పోయి మళ్ళీ ఆగడం. ఇంజను సరిగా వేడెక్కేలోపే ఆపేస్తాం. పొగలోని మసి పట్టుకునే ఫిల్టరు అది. ఆ మసి కాలి శుభ్రం కావాలంటే లోపల 600 డిగ్రీల వేడి పుట్టాలి. లాసన్స్ బే సందుల్లో ఎక్కడ పుడుతుంది? మీటర్లో పసుపు లైటు వచ్చింది. తమ్ముడు పట్టించుకోలేదు. వారం తర్వాత బండి నలభై దాటి పోనంది. సర్వీసులో మిషను పెట్టి మసి కాల్చారు, బిల్లు కట్టాను. రెండు నెలల్లో మళ్ళీ అదే.

రెండోసారి ఒక పెద్దాయన అడిగాడు, "ఆయిలు ఏది పోస్తున్నావమ్మా?" అని. తమ్ముడు బయట పాత బండ్లకు పోసే ఆయిలు పోయించాడు, డబ్బాకు నాలుగొందలు తక్కువని! డీపీఎఫ్ ఉన్న బండికి బూడిద తక్కువ వచ్చే ఆయిలే పోయాలట. మసి అయితే కాలుతుంది, బూడిద కాలదు, ఫిల్టర్లో అలాగే పేరుకుంటుంది. పుస్తకంలో రాసే ఉంది. ఎవరు చదివారు?

ఇప్పుడు సరైన ఆయిలు, వారానికి ఒకరోజు తెల్లారగట్ల హైవే ఎక్కి తగరపువలస దాకా ఒకే గేరులో అరగంట. ఏడాదిన్నర అయింది, లైటు రాలేదు.

లోడు సంగతి కూడా చెప్పాలి. టిన్ను నీళ్ళతో కలిపి 21 కిలోలు అనుకోండి. డెబ్భై టిన్నులకు టన్నున్నర నిండిపోతుంది. తమ్ముడు ఎండాకాలంలో వంద వేసేవాడు. అంటే 2,100 కిలోలు. "లాగుతోంది కదక్కా" అనేవాడు. లాగుతుంది. వెనక టైర్లు ఎనిమిది నెలల్లో అరిగాయి, కమాన్ పట్టీ విరిగింది, క్లచ్ 52 వేలకే పోయింది. మూడూ కలిపి లెక్కేసి చూపించాను. ఇప్పుడు డెబ్భై రెండు వేస్తున్నాడు. ఆ రెండూ ఎందుకో నాకూ తెలీదు.

---

కొమ్మాది లోడు, సోమవారం సాయంత్రం 7:40

అందుకే నేను బీఎస్ 4 అమ్మను. చచ్చినా అమ్మను.

హార్బర్ ఐసు, సోమవారం సాయంత్రం 7:44

నిన్న నువ్వే కదా భీమిలి అన్నను అమ్మేయమన్నావు?

కొమ్మాది లోడు, సోమవారం సాయంత్రం 7:45

నాది అమ్మను అన్నాను.

---

కాఫీ తోట, సోమవారం రాత్రి 10:50

అరకు నుంచి. సిగ్నల్ దొరికినప్పుడు రాస్తున్నాను.

మా బండి 2015ది. 3,10,000 దాటింది. కాఫీ గింజలు, మిరియాలు, అల్లం దింపుతాం. తిరుగు ట్రిప్పులో సిమెంటు, కిరాణా. ఎస్.కోట మీదుగా అనంతగిరి ఘాటు వారానికి మూడుసార్లు. మాకు ఉప్పుగాలి లేదు, తుప్పు అంటే పెద్దగా తెలీదు. మా బండి ఎక్కడ చచ్చేదంటే దిగేటప్పుడు.

మొదటి డ్రైవరు డీజిల్ మిగులుతుందని న్యూట్రల్లో దింపేవాడు. మిగిలిన డీజిల్ ఎంతో గాని బ్రేకు లైనర్లు ఆరు నెలలకోసారి మార్చాం. ఒకసారి డముకు దాటాక పొగలు, కాలిన వాసన, పెడల్ మెత్తబడింది. రోడ్డు పక్కన రాయి అడ్డం పెట్టి గంటసేపు చల్లార్చాం. ఇప్పుడు నేనే తోలుతున్నాను. ఎక్కిన గేరులోనే దిగుతాను, రెండో గేరు, అక్కడక్కడ మూడు. ఇంజనే బండిని పట్టుకుంటుంది. లైనర్లు రెండేళ్ళు వస్తున్నాయి. బ్రేకు ఆయిలు కూడా రెండేళ్ళకోసారి మారుస్తాను. అది గాలిలో తేమ పీల్చుకుంటుంది, ఘాట్లో వేడెక్కితే ఆ తేమ ఆవిరై పెడల్ లోపలికి పోతుంది. మాకు ఈ సంగతి ఆ రాయి దగ్గర తెలిసింది.

ఇంజను ఒకసారి విప్పాం, 1,64,000 దగ్గర. తప్పు మాదే. రేడియేటరు కారుతుంటే కూలెంటు లేదని నెలరోజులు వాగు నీళ్ళు, బావి నీళ్ళు పోశాం. లోపల సున్నంలా పేరుకుంది. ఎక్కేటప్పుడు ముల్లు ఎర్రదాకా వెళ్ళింది. హెడ్డు గ్యాస్కెట్ పోయింది, హెడ్డు వంగింది. 47 వేలు. ఐదొందల కూలెంటు డబ్బా కొని ఉంటే సరిపోయేది. దాని తర్వాత 1,46,000 తిరిగింది, మళ్ళీ ముట్టుకోలేదు.

---

భీమిలి బండి, మంగళవారం ఉదయం 8:05

అందరికీ ధన్యవాదాలు. మేస్త్రి గారూ, ఫొటోలు పెట్టాను, మూడు. సుత్తి ఇంకా పట్టుకోలేదు. నిజం చెప్పాలంటే ధైర్యం చాలలేదు.

---

ఆటోనగర్ మేస్త్రి, మంగళవారం మధ్యాహ్నం 1:55

ఫొటోలు చూశాను. ఒకటి అడుగుతాను, ఏమనుకోకండి. ఈ బండి చేపలు మోసిందా?

---

భీమిలి బండి, మంగళవారం మధ్యాహ్నం 2:30

ఎలా తెలిసింది మీకు?

2020లో కరోనా వచ్చి పెళ్ళిళ్ళు ఆగిపోయాయి కదా. షామియానాలు అద్దెకు అడిగే దిక్కులేదు. ఈఎంఐ మాత్రం ఆగలేదు. ఒక తొమ్మిది నెలలు రొయ్యల లోడు తోలాను. మొదటి పోస్టులో రాయాలనిపించలేదు. దాచాలని కాదు, మర్చిపోయాను. సరే, కొంచెం సిగ్గు కూడా.

---

ఆటోనగర్ మేస్త్రి, మంగళవారం మధ్యాహ్నం 3:10

సిగ్గెందుకండీ, ఆ రోజుల్లో అందరమూ ఏది దొరికితే అది చేశాం. నేను నెలరోజులు కూరగాయలమ్మాను.

తెలిసిందెలాగంటే, గాలి వల్ల వచ్చే తుప్పు అన్ని చోట్లా సమంగా, గోధుమరంగు పొడిలా ఉంటుంది. మీ బండిలో కుడివైపు వెనక చక్రం దగ్గర పొరలు పొరలుగా లేచింది, ఎడమవైపు అంత లేదు. మీ తొట్టికి నీళ్ళు పోయే సందు కుడివైపే ఉన్నట్టుంది. పైన్నుంచి కారిన నీళ్ళు ఒకే దారిలో పోయాయి. మీరు మానేసి ఐదేళ్ళయినా ఆ దారి మానలేదు.

ఇంకో ప్రశ్న. రాత్రి బండి ఎక్కడ పెడతారు, కప్పి పెడతారా?

---

భీమిలి బండి, మంగళవారం మధ్యాహ్నం 3:22

ఇంటి ముందు. సముద్రం కనపడుతుంది. ఉప్పుగాలి తగలకుండా నీలం టార్పాలిన్ నేలదాకా కప్పుతాను. అదీ తప్పేనా?

---

ఆటోనగర్ మేస్త్రి, మంగళవారం మధ్యాహ్నం 3:25

నేలదాకా కప్పితే కింద తేమ బయటికి పోదు. పొద్దున్న తీసినప్పుడు లోపలి వైపు చెయ్యి పెట్టి చూడండి, తడిగా ఉంటుంది. కప్పితే పైవరకే కప్పండి, కింద గాలి ఆడాలి.

---

పాత ఇంజనాయిలు, మంగళవారం సాయంత్రం 6:00

ఇంత గొడవ ఎందుకు? ఏడాదికోసారి పాత ఇంజన్ ఆయిలు బ్రష్‌తో ఛాసిస్‌కి కొట్టిస్తే తుప్పనేదే ఉండదు. మా తాత లారీలకు అదే చేసేవాడు.

---

హార్బర్ ఐసు, మంగళవారం సాయంత్రం 6:35

మీ తాత లారీల్లో రబ్బరు బుష్‌లు ఎన్ని ఉండేవి? నేను కొట్టించాను, అందుకే అడుగుతున్నాను. షాకిల్ బుష్‌లు, బాడీ కింద రబ్బర్లు ఉబ్బి మెత్తబడ్డాయి. దుమ్ము పట్టి ముద్దకట్టింది, ఆ ముద్ద కిందే తడి నిలిచింది. కొత్త గ్రీజు అయినా, ఛాసిస్ లోపల కొట్టే మైనం అయినా పర్లేదు. పాత ఆయిలు వద్దు. పైగా వాన పడితే అదంతా కారి కాలవలోకి, అక్కణ్ణుంచి సముద్రంలోకి పోతుంది. ఆ సముద్రమే నాకు కూడు పెడుతోంది.

పాత ఇంజనాయిలు, మంగళవారం సాయంత్రం 6:50

మా తాత లారీ 22 ఏళ్ళు నడిచింది.

ఉక్కు రిటైర్డ్, మంగళవారం సాయంత్రం 7:02

ఆ లారీ ఇనుము మందం ఎంతో కూడా చెప్పండి బాబూ. అప్పటి రేకు కొడితే ఇప్పటి సుత్తి వంగేది.

---

కొత్తగా కొనేవాడు, మంగళవారం రాత్రి 9:30

నమస్తే అన్నలూ, అక్కా. నాకు పెందుర్తిలో టైల్స్ షాపు. నాలుగు లక్షల లోపు పాత పికప్ చూస్తున్నాను. ఇదంతా చదివాక భయమేస్తోంది. గాజువాకలో ఒకటి చూశాను, మీటరు 78 వేలు చూపిస్తోంది, కొత్తగా పెయింటు వేసి మెరుస్తోంది. కొనచ్చా?

---

కాఫీ తోట, మంగళవారం రాత్రి 10:15

మీటరు చూడకు తమ్ముడూ, పెడళ్ళు చూడు. 78 వేలకే క్లచ్ పెడల్ రబ్బరు నున్నబడితే లెక్క తేడా ఉన్నట్టే. గేరు రాడ్డు పిడి, స్టీరింగు పైభాగం, డ్రైవర్ సీటు అంచు కూడా చూడు. పాత సర్వీసు బిల్లులు అడుగు. పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు వెళ్ళు. నువ్వెళ్ళేసరికి వాళ్ళు ముందే వేడిచేసి పెడితే ఎందుకో అడుగు. ఆయిలు మూత తీసి చూడు, లోపల పాలమీగడలా తెల్లగా ఉంటే ఇంటికొచ్చెయ్.

హార్బర్ ఐసు, మంగళవారం రాత్రి 10:40

వీటన్నిటికన్నా ముందు ఎండలో తలుపులు మూసి పది నిమిషాలు ఉంచి, అప్పుడు తెరిచి వాసన చూడు. చేప వాసన పెయింటుకు పోదు. అగరుబత్తి వాసన గుప్పుమంటే ఇంకా అనుమానించు.

మంచినీళ్ళ టిన్ను, మంగళవారం రాత్రి 10:52

ఛాసిస్‌కి కూడా కొత్త పెయింటు వేసి ఉంటే వద్దు తమ్ముడూ. పైన మెరిపించారంటే అమ్మకానికి. కింద కూడా మెరిపించారంటే ఏదో దాచడానికి. ఒక అయస్కాంతం జేబులో వేసుకెళ్ళు. పుట్టీ పూసిన చోట అతుక్కోదు.

---

ఉక్కు రిటైర్డ్, బుధవారం ఉదయం 6:05

హుద్‌హుద్ తుపాను, 2014 అక్టోబరు 12. అప్పుడు నగరంలో ఉన్న బండి అయితే దాని చరిత్ర ఇంకా జాగ్రత్తగా అడగాలి. మా వీధిలో చెట్టు కింద నలిగిన వ్యాన్ ఒకటి రెండేళ్ళ తర్వాత కొత్త రంగుతో ఇంకో ఊళ్ళో కనపడింది. తలుపు మీద పాత సొట్ట నీడ నాకు తెలుసు, అందుకే గుర్తుపట్టాను.

ఇవాళ మళ్ళీ అనకాపల్లి. బెల్లం ఎవరికైనా కావాలా?

---

కొత్తగా కొనేవాడు, గురువారం సాయంత్రం 5:45

వెళ్ళాను. అయస్కాంతం ఎడమ తలుపు కింద అతుక్కోలేదు. ఛాసిస్ నల్లగా, తడి పెయింటులా ఉంది. సుత్తి తీశాను, అమ్మే ఆయన ఒప్పుకోలేదు. "బండి కొనడానికొచ్చావా, కొట్టడానికొచ్చావా" అన్నాడు. వచ్చేశాను. ధన్యవాదాలు.

---

భీమిలి బండి, ఆదివారం రాత్రి 8:20

వారమైంది, సంగతి చెప్తాను.

శుక్రవారం బండి ఆటోనగర్ తీసుకెళ్ళాను. మేస్త్రి గారి షెడ్డుకే. ముందు టీ తాగించారు, తర్వాత సుత్తి నా చేతికే ఇచ్చారు. ఎడమ బీము మొదటినుంచి చివరిదాకా గుడిగంటలా మోగింది. కుడివైపు క్యాబిన్ కింద బాగానే ఉంది. హ్యాంగరు దగ్గర కొంచెం మెత్తగా మోగింది, సుత్తి దిగలేదు. వెనక అడ్డ బీముకి వచ్చేసరికి రెండో దెబ్బకు సుత్తి మూతి లోపలికి పోయింది. లోపల్నుంచి దోసెడు తుప్పు రాలింది, దాంతోపాటు ఎండిపోయిన రొయ్య మీసం ఒకటి. ఐదేళ్ళ నాటిది. షెడ్డులో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను గాని కడుపులో తిప్పింది. ఆ బీము పైనే పెళ్ళికి మూడు వందల కుర్చీలు వేసుకుని, వెనక నలుగురు కుర్రాళ్ళను ఎక్కించుకుని తిరిగాను.

తొట్టి దింపాం. ప్రధాన బీములు రెండూ నిలబడేవే అని తేలింది. అవే పోయి ఉంటే మేస్త్రి గారు పని ఒప్పుకోనన్నారు. ఛాసిస్ నంబరు దాని మీదే ఉంటుంది, అది మార్చాలంటే ఆర్టీవో దగ్గర వేరే కథ. అడ్డ బీము కోసి కొత్తది వేశారు. హ్యాంగరు దగ్గర పట్టీ వేశారు, అక్కడ నిలువునా కాకుండా ఏటవాలుగా అతికారు. నిలువు అతుకు దగ్గరే మళ్ళీ విరుగుతుందట. బ్రేకు పైపులు వెనక్కి మొత్తం కొత్తవి, ఇది హార్బర్ ఐసు తమ్ముడి సింధియా కథ చదివాక నేనే అడిగి వేయించాను. ఫ్లోరు రేకు. లోపల మైనం, పైన రెడ్ ఆక్సైడు, నల్ల పెయింటు. నీళ్ళు దిగడానికి రెండు పైపులు. మూసుకున్న కన్నాలన్నీ తెరిచారు. అంతా కలిపి 71 వేలు. మొదటి షెడ్డువాళ్ళు చెప్పినదానికన్నా 11 వేలు ఎక్కువే. అయితే వాళ్ళ లెక్కలో అడ్డ బీము లేదు.

మేస్త్రి గారు ఒకటే మాట తీసుకున్నారు, ఇకమీదట టన్నున్నర నిండా వేయొద్దని. టన్ను దాటనన్నాను. కుర్రాళ్ళు ఆటోలో వస్తారు.

అమ్మడం లేదు. ఇంజను ఇంకా బాగుంది, నాకు తెలిసిన బండి. పైగా నిజం చెప్పి అమ్మితే ఎంతొస్తుందో తెలుసు, చెప్పకుండా అమ్మడం నాకు చేతకాదు. ఎఫ్‌సీకి తేదీ తీసుకున్నాను, వచ్చే గురువారం. అక్కడ ఏమంటారో వచ్చి రాస్తాను. టార్పాలిన్ మోకాళ్ళ ఎత్తుకు మడిచాను.

---

హార్బర్ ఐసు, ఆదివారం రాత్రి 8:41

రొయ్య మీసం ఫొటో తీశావా అన్నా?

---

భీమిలి బండి, ఆదివారం రాత్రి 8:44

తీశాను, మా ఆవిడ చెరిపేసింది.

ఇంకొకటి. పాత తొట్టి వెనక తలుపు, రెండు పక్క తలుపులు మిగిలాయి. తుప్పు లేదు, గొళ్ళేలు బాగున్నాయి. ఊరికే ఇస్తాను. ఎవరికైనా కావాలంటే మెసేజ్ పెట్టండి. భీమిలి దాకా వచ్చి పట్టుకెళ్ళాలి.

---

ఉక్కు రిటైర్డ్, సోమవారం ఉదయం 5:58

నేను వస్తున్నాను బాబూ. తలుపులు నాకు అక్కర్లేదు గాని పక్కింటాయనకు కావాలట. ముప్పై కిలోమీటర్లు పైనే కదా? బెల్లం ఓ రెండు దిమ్మలు తెస్తాను.